అల్లుడికి, ఎర్రచుక్క గురించి

రాజంపేట



నువ్వు పంపిన కారు లీకు ఫోటోలు పెద్దవి చేసుకుని మళ్లీ మళ్లీ చూశాను. "చిన్న లీకే మామా, ఇంకో పట్టు బిగిస్తే ఆగిపోతుంది కదా" అన్నావు. ఫోన్లో చెప్తే పానా చేతికొచ్చే వేళకి గుర్తుండదు. కాగితం మీదైతే పక్కన పెట్టుకుని చేసుకోవచ్చని రాస్తున్నాను.

బిగించొద్దు. ఎందుకో చెప్తాను.

ఇక్కడి మాన్యువల్ బండ్లలో గేర్ ఆయిలు పళ్లచక్రాలను తడుపుతుంది, అంతే. నీది ఆటోమేటిక్. అందులో ఆయిలే ఇంజను బలాన్ని గేర్లకు మోస్తుంది, ఆయిలు ఒత్తిడితోనే క్లచ్చులు పట్టుకుంటాయి, గేర్లు మారతాయి. ఆ పనిలో పుట్టిన వేడిని కూడా అదే మోసుకెళ్లాలి. దాదాపు 80 నుంచి 95 డిగ్రీల వేడి మీద ఉన్న ఆయిలు ఒక సన్నని పైపులో రేడియేటరు దాకా వచ్చి, దాని ట్యాంకులో దాగి ఉన్న చిన్న కూలర్లో చల్లబడి, రెండో పైపులో వెనక్కి వెళ్తుంది. ఆ రెండు పైపుల కొసల్లో ఒకటే నీకు కారుతున్నది. రోజుకి నాలుగు చుక్కలే కదా అని వదిలేస్తే, ఒకరోజు పంపు ఆయిలుకి బదులు గాలి పీలుస్తుంది. ఒత్తిడి పడిపోతుంది, క్లచ్చులు జారతాయి, జారినవి కాలతాయి. అప్పుడు గేర్‌బాక్సే దించాలి. ఎగ్జాస్టు పైపు మీద పడితే నిప్పు భయం కూడా ఉంది. అందుకే ఇది బాగయ్యేదాకా హైవే ఎక్కొద్దు నాయనా.

కువైట్లో షువైఖ్ గ్యారేజీల్లో చేసిన రోజుల్లో నా చేతిలో ఒక పెద్ద జీపు పాడయింది. అందులో పైపు కొసన నట్టు ఉండేది. చెమ్మ కనపడింది. నేను రెండో పానా వేసి రేడియేటరు వైపు పట్టుకోకుండా, ఒక్క పానాతో గట్టిగా తిప్పాను. నట్టుతో పాటు లోపలి కూలరు మెడ కూడా తిరిగి చీలింది. బయట చుక్క ఆగింది, నేను సంతోషించాను. వారానికి బండి తిరిగొచ్చింది. గేజి కర్ర లాగితే ఆయిలు స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో నురగలు కడుతోంది. రేడియేటరు నీళ్లు గేర్‌బాక్సులోకి పోయాయి. ఆ నీళ్లకి క్లచ్చు ప్లేట్ల అంటు ఊడిపోతుంది. మా ఉస్తాదు కోప్పడలేదు. విప్పిన ప్లేట్లను నా ముందు వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ గోటితో గీకి చూపించాడు. పేస్టులా లేచి వచ్చింది. ఆ గులాబీ రంగు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఇక నీ బండి సంగతి. ఫోటోలో నాకు కనపడింది నట్టు కాదురా, క్లిప్పుతో పట్టే ఫిట్టింగు. ఎంత బిగించినా దానికి పట్టదు, ఎందుకంటే అక్కడ లీకును ఆపేది లోపలున్న రబ్బరు ఓరింగు. ఏళ్ల వేడికి అది గట్టిపడి, నలిగి ఉంటుంది. పైగా పైపు మీద ఉన్న ప్లాస్టిక్ టోపీ ఒక పక్కకి ఒరిగి ఉంది. క్లిప్పు సరిగ్గా కూర్చోకపోతే టోపీ అలాగే మూసుకోకుండా ఉంటుంది.

మొదట ఆయిలు అక్కడిదేనా అని తేల్చుకో. ఎర్రగా, జిడ్డుగా ఉంటే గేర్‌బాక్సుది కావొచ్చు. తియ్యటి వాసనతో నీళ్లలా ఉంటే రేడియేటరుది. ఆ చోటంతా శుభ్రంగా తుడిచి, కింద తెల్ల అట్ట పరిచి, ఇంజను నడవనివ్వు. కారు పరుగులో గాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది కాబట్టి, తడి చోట్లన్నిటిలో పైనున్నదాన్ని, ముందున్నదాన్ని అనుమానించు.

విప్పేది ఇంజను పూర్తిగా చల్లారాకే. బండి లేపాలంటే జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు వేసి, ఒకసారి తోసి చూసి దూరు. ఇది మీ అమ్మ ముఖం గుర్తు తెచ్చుకుని చెప్తున్నాను.

టోపీని పైపు మీద వెనక్కి జరుపు. వంకర మొన ఉన్న పుల్లతో క్లిప్పు ఒక కొసను గాడిలోంచి లేపి, చుట్టూ తిప్పుతూ బయటికి తియ్యి. రెండో చేతి వేలు దానిమీద ఆనించి ఉంచకపోతే ఎగిరిపోతుంది. పైపును నేరుగా లాగు, అటూ ఇటూ వంచొద్దు. కారే ఆయిలుకి పళ్లెం పెట్టుకో. పైపు కొసను గుడ్డతో తుడిచి గోరు పెట్టి చుట్టూ తిప్పి చూడు. గీత గానీ గుంట గానీ గోటికి తగిలితే పైపు కూడా మార్చాల్సిందే. ఎంత కొత్త ఓరింగైనా అక్కడ నిలవదు.

పాత ఫిట్టింగు విప్పి కొత్తదే వేసెయ్, ఖరీదు తక్కువ. కూలరులోకి దాని మర ఎక్కేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పు, అడ్డంగా ఎక్కితే కూలరు మర పోతుంది. ఎంత బిగించాలో నీ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది, అంతే బిగించు. పాత క్లిప్పు పారెయ్. కొత్తది చేత్తో గాడుల్లో కూర్చోబెట్టి, పైపు కొసకి అదే ఆయిలు కాస్త రాసి నేరుగా నొక్కు. టిక్కుమని వినపడాలి, లేదా చేతికి తెలియాలి. తెలిశాక ఒకసారి గట్టిగా వెనక్కి లాగి చూడు. కదలకపోతేనే టోపీ మూయి.

టెఫ్లాన్ టేపు చుట్టమని ఎవరన్నా చెప్తే వినొద్దు. దాని పీలికలు లోపలికి పోయి సన్నటి దారుల్లో అడ్డం పడతాయి. పైపు కోసి పెట్రోలు గొట్టం తొడగమన్నా వద్దు, ఆ వేడికీ ఆ ఆయిలుకీ కూలరు గొట్టమే తట్టుకుంటుంది.

తర్వాత ఆయిలు. యజమాని పుస్తకంలో రాసిన రకమే పొయ్యి. ఎరుపు చూసి ఏదో ఒకటి కొనొద్దు. అక్కడ మీరు కొనే క్వార్టు డబ్బా మన లీటరుకి కాస్త తక్కువ, అందులో సగం సగం పోస్తూ చూసుకో. ఎక్కువైనా నురగ కట్టి తక్కువైనంత చేటే చేస్తుంది. ఇంజను నడుస్తుండగా బ్రేకు తొక్కి, గేరు కర్రను ప్రతి గేర్లోనూ కొన్ని సెకన్లు ఆపుతూ తిప్పి, తర్వాత ఆ పుస్తకంలో చెప్పిన తీరున గేజి కర్ర చూడు. కొన్ని బండ్లకి కర్రే ఉండదు, కింద బిరడా తీసి, ఆయిలు ఫలానా వేడి మీద ఉన్నప్పుడే కొలవాలి. నీది ఆ రకమైతే ఆ ఒక్క పనికీ మెకానిక్కు దగ్గరికి పో, అందులో నామోషీ ఏమీ లేదు. పాత ఆయిలు డ్రైనేజీలో పొయ్యకు, డబ్బాలో పట్టి స్పేర్‌పార్టుల దుకాణంలో అడుగు, మీ దగ్గర చాలాచోట్ల తీసుకుంటారు.

అరగంట మీ వీధుల్లోనే నడిపి వచ్చి, మళ్లీ తెల్ల అట్ట పరిచి రాత్రంతా వదిలెయ్. తెల్లారాక రెండు ఫోటోలు పంపు, ఒకటి అట్టది, ఒకటి టోపీ మూసుకున్న చోటుది. టోపీ ఫోటో దగ్గర్నుంచి తియ్యి, క్లిప్పు కూర్చున్నదీ లేనిదీ నేను చూడాలి.

ఇట్లు,
నీ మామ