ఎత్తు కొలిచే కర్ర చెప్పే పాఠం



వేసవి సెలవులు దగ్గర పడ్డాయి. ఏటా జూన్‌లో బడి తెరిచాక ‘సెలవుల్లో ఎక్కడికి వెళ్లారు?’ అని అడిగితే మా తరగతిలో ఎక్కువమంది అమ్మమ్మగారి ఊరు అంటారు. కొందరు వండర్‌లా అంటారు. అమెరికాలో బాబాయి వాళ్లింటికి వెళ్లి డిస్నీలాండ్ చూసి వచ్చిన వాళ్లూ ఒకరిద్దరు ఉంటారు. ‘పెద్ద రైడ్లు ఎక్కారా?’ అనగానే చేతులు లేస్తాయి. ‘అంత ఎత్తు నుంచి కిందికి వచ్చినా మీకేమీ ఎందుకు కాలేదు?’ అని అడిగితే లేచిన చేతులు మెల్లగా దిగిపోతాయి.

ఈ నెల పాఠం ఆ రెండో ప్రశ్న గురించే. ఉదాహరణగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అనాహైమ్‌లో ఉన్న డిస్నీలాండ్‌ను తీసుకుందాం. మీరు వెళ్లేది రావిర్యాల వండర్‌లాకైనా ఇందులోని సైన్సు మారదు. పిల్లలతో మాట్లాడే తీరూ మారదు.

కట్ట లోపల కట్టిన లోకం

డిస్నీలాండ్ 1955 జూలై 17న మొదలైంది. దాన్ని కట్టించిన వాల్ట్ డిస్నీ తన కూతుళ్లను గుర్రపు బొమ్మల రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవారట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పారు. పిల్లల్ని రైడ్ ఎక్కించి మనం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఆ ఆలోచనకు దూరమైనట్టే.

ఆ పార్కు చుట్టూ మన చెరువు కట్టలాంటి ఎత్తైన మట్టి కట్ట ఉంది. దాని మీదుగా చిన్న రైలు తిరుగుతుంది. కట్ట లోపలికి వెళ్లాక బయటి రోడ్లు, భవనాలు కంటికి కనబడవు. కనబడకపోవడమే దాని ఉద్దేశం. నాటకం జరుగుతుంటే తెర వెనక పనివాళ్లు కనబడితే రాజుగారి మీద నమ్మకం పోతుంది కదా, ఇదీ అలాంటిదే.

లోపల కంటిని మోసం చేసే పనులు ఇంకా ఉన్నాయి. మెయిన్ స్ట్రీట్‌లో మేడల పై అంతస్తులు కింది వాటికంటే చిన్నవి. నిద్రపోయే రాకుమారి కోట అసలు ఎత్తు 77 అడుగులే. పైకి వెళ్లేకొద్దీ రాళ్ల కొలత తగ్గించుకుంటూ కట్టడం వల్ల కింద నిలబడ్డవాళ్లకు అది ఇంకా ఎత్తుగా కనబడుతుంది. దూరంగా ఉన్నది చిన్నదిగా కనబడుతుందని మన కంటికి అలవాటు. ఆ అలవాటునే వాడుకున్నారు.

2019 మే 31న తెరిచిన స్టార్ వార్స్ ప్రాంతం పేరు గెలాక్సీస్ ఎడ్జ్. 14 ఎకరాల్లో కట్టిన ఊహాలోకపు ఊరు అది. అక్కడి సిబ్బంది ఆ ఊరివాళ్లలాగే మాట్లాడతారు. పగలు ‘బ్రైట్ సన్స్’ అని పలకరిస్తారు. బోర్డుల మీద ఆ కథలోని ఆరెబెష్ లిపి ఉంటుంది. అందులో ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కో గుర్తు. ముందుగా ఆ అక్షరమాల రాసుకుని వెళ్లిన పిల్లలు బోర్డులు కూడబలుక్కుని చదివేస్తారు. మనం ఒకటో తరగతిలో బస్సు బోర్డులు చదివినప్పుడు కలిగిన సంతోషమే వాళ్లకూ కలుగుతుంది.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రైడ్ ఎక్కకముందే పిల్లల మనసు ఆ లోకంలోకి వెళ్లిపోతుంది. నవ్వు, ఆశ్చర్యం, భయం అన్నీ అక్కడే మొదలవుతాయి. పిల్లవాడు భయపడింది ఒక్క ఇనుప పట్టాను చూసి కాకపోవచ్చు. చీకటి, పెద్ద శబ్దాలు, రాక్షసుడి బొమ్మ, ముందు వరసలో ఏడుస్తున్న ఇంకో పిల్ల, ఇవన్నీ కలిసిన భయం కావచ్చు.

ఇంజను లేని బండి

చాలా రోలర్ కోస్టర్ల బండ్లలో ఇంజను ఉండదు. గొలుసు బండిని మొదటి గుట్ట మీదికి లాగి వదిలేస్తుంది. మిగతా దారంతా గురుత్వాకర్షణే నడుపుతుంది. మనం తెలుగులో స్థితిశక్తి అని చదువుకున్నదాన్నే మీ పిల్లలు పొటెన్షియల్ ఎనర్జీ అంటారు. గుట్ట మీద ఉన్న ఆ శక్తి కిందికి దిగుతుంటే గతిశక్తిగా, అంటే కైనెటిక్ ఎనర్జీగా మారుతుంది.

తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క చేయించండి. గుట్ట ఎత్తు 20 మీటర్లు అనుకుందాం. ఘర్షణను పక్కన పెడితే, వేగం వర్గం = 2 × 10 × 20 = 400. అంటే కిందికి వచ్చేసరికి సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. ఈ లెక్కలో బరువు ఎక్కడా రాలేదని చూపించండి. అందుకే పక్కపక్కన కూర్చున్న నాన్నగారు, పాప ఒకే వేగంతో కిందికి వస్తారు. నిజంలో ఘర్షణ కొంత శక్తిని తినేస్తుంది కాబట్టి ఆ తర్వాతి గుట్టలు మొదటిదానికంటే తక్కువ ఎత్తులో ఉండాలి.

గొలుసు పైకి లాగుతున్నప్పుడు ‘టక్ టక్ టక్’ అనే శబ్దం వస్తుంది. చాలామంది పిల్లలకు గుండె దడ మొదలయ్యేది అక్కడే. ఒకవేళ గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ల వరుసకు కొక్కెం తగులుకుంటూ వచ్చే చప్పుడు అది. భయపెడుతున్న ఆ చప్పుడే వాళ్లను కాపాడుతోందని పిల్లలకు ముందే చెబితే, పైకి వెళ్తున్నంతసేపూ దాన్ని లెక్కపెడుతూ కూర్చుంటారు.

చక్రాల సంగతీ చెప్పండి. పట్టా మీద కొన్ని, పక్కన కొన్ని, కింద కొన్ని ఉంటాయి. పట్టాను మూడు వైపుల నుంచి పట్టుకుంటాయి కాబట్టి బండి తలకిందులైనా ఊడిపోదు. కింది చక్రాల ఏర్పాటుకు అమెరికా ఇంజనీరు జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందారు. పట్టాను భాగాలుగా విడదీసి, ముందు బండి ఒక భాగం దాటేదాకా వెనక బండిని అందులోకి రానివ్వరు. మన రైల్వే సిగ్నళ్ల పద్ధతీ ఇదే.

గుండ్రం కాని గుండ్రం

పూర్తిగా తలకిందులు చేసే లూప్‌ను గమనించండి. అది సున్నాలా గుండ్రంగా ఉండదు, నీటి బొట్టులా ఉంటుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడ్‌కు నిజంగానే గుండ్రని లూప్ కట్టారు. వేగంగా వచ్చిన బండి ఒక్కసారిగా వంపులోకి తిరగడంతో ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రెవల్యూషన్ అనే కోస్టర్ వచ్చింది. అందులో వంపు కింద విశాలంగా మొదలై, పైకి వెళ్లేకొద్దీ బిగుతవుతుంది. బండి వేగంగా ఉన్నచోట మెత్తని మలుపు, నెమ్మదించిన చోట బిగువైన మలుపు. పిల్లల మెడను కాపాడింది లెక్కల పాఠమే.

చీకటి చేసే మాయ

డిస్నీలాండ్‌లో 1977లో తెరిచిన స్పేస్ మౌంటెన్ చాలా వేగంగా పోతుందని ఎక్కినవాళ్లంతా అంటారు. నిజానికి దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు కూడా దాటదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మీ కారు అంతకంటే వేగంగా పోతుంది, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు. తేడా ఏమిటి? స్పేస్ మౌంటెన్‌లో చీకటి. ముందు ఏ మలుపు వస్తుందో కనబడదు. ఒళ్లు సిద్ధపడేలోపే మలుపు వచ్చేస్తుంది.

అంటే భయం ఎక్కువ ఉన్నచోట ప్రమాదం ఎక్కువ ఉండాలని లేదు. ఇది తిరగేసీ నిజమే. భయం లేనిచోట ప్రమాదం లేదనీ కాదు. హెల్మెట్ లేని బైకు ప్రయాణం ఎవరికీ భయం వేయదు. ఈ రెండు వాక్యాలు పిల్లలకు అర్థమైతే టికెట్ డబ్బులు వసూలైనట్టే.

ఆ కర్ర ఎందుకు?

రైడ్ మొదట్లో ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. డిస్నీలాండ్‌లో మిలీనియం ఫాల్కన్ రైడ్‌కు కనీసం 38 అంగుళాలు (97 సెంటీమీటర్లు), స్పేస్ మౌంటెన్‌కు 40 (102), 1959లో వచ్చిన మ్యాటర్‌హార్న్‌కు 42 (107) ఉండాలి. పక్క పార్కులోని ఇన్‌క్రెడికోస్టర్‌కు 48 (122) కావాలి. వెళ్లే ముందు పార్కు యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఈ కర్ర కొలిచేది ధైర్యాన్ని కాదు. ఒడి మీద పడే కడ్డీ, భుజాల మీద బిగించే పట్టీ ఒక కొలత ఒంటికి సరిపోయేలా తయారవుతాయి. అంతకంటే చిన్న ఒళ్లు సందులోంచి జారే వీలుంది. దిట్టమైన బూటు వేసో, మునివేళ్ల మీద నిలబెట్టో రెండు అంగుళాలు పెంచగలం. కడ్డీకి, పిల్లవాడి నడుముకు మధ్య ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. పైగా ‘నియమాన్ని తప్పించుకోవచ్చు’ అనే పాఠం మన చేత్తో మనమే నేర్పినట్టవుతుంది.

వెనక్కి పంపినప్పుడు పిల్లలు ఏడుస్తారు. ‘నువ్వింకా చిన్నదానివి’ అనకండి. ‘ఈ కడ్డీ నీ కొలతకు చేయలేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం’ అనండి. తప్పు కొలతదని తెలిస్తే ఏడుపు త్వరగా తగ్గుతుంది. డిస్నీలాండ్‌లో రైడర్ స్విచ్ అనే ఏర్పాటు కూడా ఉంది. ఒకరు రైడ్‌కు వెళ్తే ఇంకొకరు పిల్లతో ఉంటారు. తర్వాత రెండోవారు మళ్లీ మామూలు క్యూలో మొదటి నుంచి నిలబడకుండా వెళ్లవచ్చు.

‘నాకు భయమేస్తోంది’

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. ఎత్తు సరిపోయింది, గంట సేపు క్యూలో నిలబడ్డాం, టికెట్‌కు బోలెడు డబ్బు పెట్టాం. తీరా బండి ముందుకు వచ్చేసరికి పిల్లవాడు ‘నేను ఎక్కను’ అంటాడు. వెంటనే మన నోట వచ్చే మాటలు మనకు తెలిసినవే. ‘మగపిల్లాడివి, సిగ్గులేదా?’ ‘చెల్లి చూడు ఎలా ఎక్కుతోందో!’ ‘ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే?’

ఒక్క నిమిషం ఆగి రెండు ప్రశ్నలు అడగండి. ‘ఏది చూస్తే భయం?’ ‘ఏం జరుగుతుందో చెప్పనా?’ పిల్లవాడు చీకటి అంటే చీకటి గురించి, ఎత్తు అంటే ఎత్తు గురించి చెప్పండి. టక్ టక్ శబ్దం, మూడు వైపుల చక్రాలు, ఎన్ని నిమిషాల్లో అయిపోతుందో చెప్పండి. తెలియకపోవడం వల్ల వచ్చిన భయమైతే చాలావరకు తగ్గుతుంది. తగ్గి ఎక్కితే సంతోషం. అప్పటికీ వద్దంటే వద్దనే అర్థం. చెయ్యి పట్టుకుని పక్కకు రండి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి, ఆ విషయం ఊళ్లో అందరికీ చెప్పి నవ్వకండి.

ఎందుకంటే రైడ్ ఇవాళ కాకపోతే రేపు ఎక్కవచ్చు. కానీ భయమని చెప్పినందుకు నలుగురిలో నవ్వులపాలైన పిల్లవాడు ఇంకోసారి చెప్పడు. రేపు బస్సులో ఎవరైనా తాకరానిచోట తాకినా, పెద్ద క్లాసు పిల్లలు బెదిరించినా, లోతు తెలియని బావిలో దూకమని స్నేహితులు పందెం కాసినా ఆ పిల్లవాడు మన దగ్గరికి వచ్చి ‘నాకు భయమేస్తోంది’ అనాలి. ఆ మాట అనే అలవాటు మిగలాలి.

ఇంట్లో చేసి చూడండి

1. గోళీ కోస్టర్: చార్ట్ పేపర్‌ను పొడవుగా కాలువలా మడిచి, రెండు చివరలు పుస్తకాల మీద ఆనించి మధ్యలో కిందికి వంచండి. ఒక చివర నుంచి గోళీ వదలండి. అవతలి వైపు ఎంత ఎత్తు ఎక్కిందో గుర్తు పెట్టండి. బయలుదేరిన ఎత్తును దాటుతుందా? చిన్న గోళీతో, పెద్ద గోళీతో చేసి పోల్చండి.

2. తిరిగే చెంబు: ప్లాస్టిక్ చెంబుకు గట్టి తాడు కట్టి, సగం నీళ్లు పోసి, ఆరుబయట పెద్దవాళ్లు నిలువుగా వేగంగా తిప్పండి. తలకిందులైనా నీళ్లు పడవు. లూప్‌లో మనుషులు పడకపోవడానికి కారణం ఇదే. పిల్లలు దూరంగా నిలబడి చూడాలి.

3. తలుపు కొలత: తలుపు పక్క గోడ మీద 38, 40, 42, 48 అంగుళాల దగ్గర పెన్సిల్ గీతలు గీయండి. ఎవరు ఏ రైడ్ ఎక్కవచ్చో పిల్లలే తేలుస్తారు. గేటు దగ్గర ఏడుపు ఇంట్లోనే తీరిపోతుంది.

భోజనాల దగ్గర అడగండి

• రెండో గుట్ట మొదటిదానికంటే ఎందుకు చిన్నది?
• లూప్ నీటి బొట్టులా ఎందుకు ఉంటుంది?
• భయం వేసినా ప్రమాదం లేనిది ఒకటి, భయం వేయకపోయినా ప్రమాదం ఉన్నది ఒకటి చెప్పు.
• నీకు భయం వేసినప్పుడు ముందుగా ఎవరికి చెబుతావు?

చివరి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా తొందరపడకండి. గుండె, వెన్ను, మెడ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు పెద్ద రైడ్లకు దూరంగా ఉండాలన్న బోర్డులు ఇంట్లో పెద్దవాళ్లకూ వర్తిస్తాయని గుర్తుంచుకోండి. జూన్‌లో తరగతికి వచ్చేటప్పుడు ఫోటోలతో పాటు గోళీ ప్రయోగం కొలతలు కూడా పిల్లలతో పంపండి. మొదటి వారం సైన్సు పీరియడ్‌లో వాటితోనే పాఠం మొదలుపెడదాం.