సూర్యుడి మీద మచ్చలు

చంద్రుడిలో కుందేలు ఉందని పిల్లలకు చెబుతాం. సూర్యుడిలో కూడా మచ్చలున్నాయంటే నమ్ముతారా అక్కా? ఉన్నాయి. కాని కుందేలూ కాదు, మురికీ కాదు.

సూర్యుడు కుతకుత ఉడికే వాయువుల ముద్ద. పైభాగంలో వేడి సుమారు 5,500 డిగ్రీలు. ఎసట్లో మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలే! సూర్యుడిలో అయస్కాంత శక్తి ఉంది. ఆ శక్తి ఎక్కువైన చోట లోపలి వేడి పైకి రాలేదు. అక్కడ వేడి 4,000 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే నల్లగా కనబడుతుంది. పొయ్యిలో కణకణలాడే నిప్పుల పక్కన కాస్త చల్లారిన నిప్పు నల్లగా కనబడదా? అలాగే. పెద్ద మచ్చలో మన భూమి మొత్తం పడుతుంది.

అలాగని మీరు చూడబోకండి. పాత ఎక్స్‌రే ఫిలిం అడ్డం పెట్టినా, పళ్లెంలో నీళ్లు పోసి చూసినా ముప్పే. నొప్పి తెలియకుండానే కంటి లోపలి పొర కాలిపోతుంది. పిల్లలకూ చెప్పండి.

మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. పెరిగినప్పుడు సూర్యుడిలో పేలుళ్లు ఎక్కువ. అక్కడి నుంచి విసురుగా వచ్చే కణాలు రెండు మూడు రోజుల్లో భూమిని తాకవచ్చు. దీన్నే సౌర తుఫాను అంటారు.

అయితే మనకేమవుతుంది? ఒంటికేమీ కాదు. గర్భిణులు తలుపులేసుకుని కూర్చోనక్కర్లేదు. భూమికీ అయస్కాంత శక్తి ఉంది, చుట్టూ గాలి ఉంది. రెండూ కలిసి మనల్ని కాస్తాయి. దెబ్బ తగిలేది కరెంటు లైన్లకు, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకు. 1989 మార్చి 13న కెనడా దేశంలోని క్విబెక్‌లో 60 లక్షల మందికి కరెంటు పోయింది. సుమారు 9 గంటలు రాలేదు. కరెంటు పోవడం మనకు కొత్తా అని నవ్వకండి. అక్కడ అది చలికాలం. చాలా ఇళ్లు వెచ్చబడేది కరెంటుతోనే.

2024 మే నెలలో పెద్ద తుఫాను వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది. అది మాత్రం చూడముచ్చటే.

ముందే తెలిస్తే ఉపగ్రహాలను, కరెంటు లైన్లను కాపాడుకోవచ్చు. అందుకే 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1ను పంపారు. అది 15 లక్షల కిలోమీటర్ల దూరం వెళ్లి, రాత్రీ పగలూ సూర్యుణ్ణి చూస్తూ ఉండేలా చేశారు. ఆ పనిని నడిపించింది ఒక ఆడమనిషి. పేరు నిగర్ షాజీ. తమిళనాడులో సెంగోట్టై ఊళ్లో, రైతు ఇంట పుట్టారు.