అడగనిదే చెప్పరు

అమ్మడూ,

న్యూరాలజీలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. పార్కిన్సన్స్ రోగి వణుకు, బిగుసుకుపోవడం, నడక ఎలా చూడాలో మీ ప్రొఫెసర్లు నేర్పుతారు. రద్దీ ఓపీలో ఎగిరిపోయే ప్రశ్న ఒకటుంది, దాని గురించే ఈ ఉత్తరం.

ఈ జబ్బుకు మందు వాడుతున్నవాళ్లలో కొందరు ఒకే పనికి అతుక్కుపోతారు. గుమాస్తాగా చేసినాయన పాత కాగితాలు పేర్చి, కలిపేసి, మళ్లీ పేరుస్తాడు. కుట్టుపని చేసినావిడ గుండీలు ఏరుతూ కూర్చుంటుంది. రేడియో విప్పినాయన తిరిగి బిగించడు. అన్నానికి పిలిస్తే కసురుకుంటారు, తెల్లవార్లూ మేలుకుంటారు. దీన్ని పండింగ్ అంటారు. స్వీడన్ వైద్యుడు రైలాండర్ 1972లో మత్తుమందులు వాడేవాళ్లలో దీన్ని వర్ణించాడు; పార్కిన్సన్స్ రోగుల్లో 1994లో గుర్తించారు. తరచు పాత వృత్తిలోని పనే పట్టుకుంటారు కనుక ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుని ఊరుకుంటారు. రోగికేమో ఆ పని హాయిగా ఉంటుంది. హాయిగా ఉన్నదాని మీద ఫిర్యాదు ఎవరు చేస్తారు?

ఈ మందుల్లో ఒకటైన లెవోడోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. ఈ జబ్బులో కదలికలను నడిపే భాగానికి డోపమైన్ కొరత ఎక్కువ, సుఖానికీ కోరికకూ సంబంధించిన భాగానికి తక్కువ. మొదటిదానికి సరిపడా ఇస్తే రెండోదానికి మోతాదు మించుతుంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు మరో దారి పట్టిస్తాయి: జూదం, విపరీతంగా కొనడం, తిండి, కామం. అమెరికా, కెనడాల్లో మూడు వేలమందికి పైగా రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 13.6 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి ఉంది. ఇవి సిగ్గుకొద్దీ దాస్తారు.

అందుకని భార్యనో కొడుకునో విడిగా అడుగు. రాత్రి ఎప్పుడు పడుకుంటున్నారు, ఏ పని మీద కూర్చుంటే లేవడంలేదు, డబ్బు ఎటు పోతోంది? తనంతట తాను అదనపు మాత్రలు వేసుకుంటున్నాడేమో కూడా. దూలగొండి పొడి సంగతి మరవకు. ఆ గింజల్లో ఉన్నదీ లెవోడోపాయే. 'ఆకుమందేగా' అనుకుని ఎవరూ చెప్పరు.

కారణం తెలిసింది కదా అని మందు ఒక్కసారిగా ఆపించకు. లెవోడోపా హఠాత్తుగా ఆగితే తీవ్ర జ్వరం, బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ప్రామిపెక్సోల్ లాంటివి ఆపినా ఆందోళన, దిగులు కమ్ముకోవచ్చు. మీ పెద్ద డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. చాలామంది తేరుకుంటారు.

నా మాటగా ఒకటి చెయ్యి. ఈ మందులు రాసిన రోజే, ఇలాంటి మార్పు కనిపిస్తే ఆయన్ని తిట్టకుండా మాకు చెప్పండని ఇంటివాళ్లకు చెప్పు.

మీ పెదనాన్న