పాళెము వెలుపలికి వెళ్లిన యాజకుడు

చదువవలసిన భాగములు: లేవీయకాండము 13:1–6, 45–46, 14:1–3



2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ మొదలు దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడిన దినములను మనలో ఎవరును మరువలేదు. మిరపకాయ కల్లములలో ఎండుచుండెను. గుంటూరు మిర్చి యార్డు మూతపడెను. మార్చి 27న సేద్యపు పనులకు కేంద్ర ప్రభుత్వము మినహాయింపు ఇచ్చినను, కూలికి పోవుటకు జనులు జంకిరి. అనేక గ్రామములవారు పొలిమేర దారికి అడ్డముగా ముళ్లకంప వేసిరి.

అట్లు కంప వేయుట పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞకు విరోధము కాదా అని కొందరు మమ్మును అడిగిరి. ఆ ప్రశ్నతోనే ఈ భాగమును చదువుదము.

రోగలక్షణము కనబడినవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచెడివాడు. అప్పటికిని తేలకపోయినయెడల మరి ఏడు దినములు. రోగము నిశ్చయమైనవాడు పాళెము వెలుపల నివసింపవలెను. 2021లో ఇంటనే ఉన్న రోగులకు వైద్యులు చెప్పిన లెక్కయు ఇంచుమించు ఇట్టిదే: లక్షణములు కనబడినది మొదలు కనీసము పది దినములు వేరుగా ఉండవలెను, అందులో చివరి మూడు దినములు జ్వరము రాకూడదు. కాబట్టి ఎడముగా ఉండుట దోషము కాదు. (ఈ మాటను పట్టుకొని నేటి కుష్ఠురోగిని ఎవరును దూరము పెట్టరాదు. ఆ వ్యాధి మందులతో నయమగును.)

అయితే 14వ అధ్యాయము మూడవ వచనమును నిదానముగా చదువుడి. యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి వానిని చూడవలెను. కంచె వేసినవారిలోనుండి ఒకడు కంచె దాటి పోవలెనన్నమాట. మనము కంప వేయుటవరకే నేర్చుకొంటిమి.

2020 ఏప్రిల్‌లో, తెలంగాణ మిరపతోటలలో కాయలు ఏరుటకు వచ్చిన పన్నెండేండ్ల బాలిక ఒకతె, పనులు నిలిచిపోగా ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి కాలినడకన బయలుదేరి, ఇల్లు చేరకముందే దారిలో మరణించెను. మన కూరలో కారము అట్టి చేతులు ఏరినదే.

మా సంగతియు చెప్పవలెను. 2021 ఏప్రిల్ నెలాఖరున మా ఊరిలో ఒక ఇంట భార్యాభర్తలిద్దరికిని వ్యాధి సోకెను. రెండెకరముల దాళ్వా వరి కోతకు వచ్చియుండెను. దొడ్డిలో పాడిగేదె. మొదటి రెండు దినములు మేము ఆ వీధికి పోలేదు. ఫోనులో ప్రార్థన చేసి ఊరకుంటిమి. మూడవ దినమున గేదె అరపు ఊరంతటికిని వినబడెను. పొదుగు నిండినది, పిండువారు లేరు.

ముందుగా పోయినది మేము కాము. మన సంఘమునకు చెందని ప్రక్కయింటి విధవరాలు మూతికి గుడ్డ కట్టుకొని దొడ్డిలోనికి పోయెను. గేదె కాలు ఝాడించెను. దండెముమీద రెండు దినములుగా ఎండుచున్న ఇంటామె చీరను ఆమె తీసి భుజములమీద కప్పుకొనెను. చీరను చూచియో, వాసన పట్టియో, గేదె చేపెను. ఒక చెంబెడు పాలు వారి గడపవద్ద పెట్టి, తక్కినవి పాలకేంద్రములో వారి పేరనే పోసెను.

అది విన్న తరువాతనే మాకు సిగ్గు కలిగినది. ఆరుబయట గాలిలో, ఎడముగా నిలువబడి పనిచేయుటలో అపాయము తక్కువని ఆశా కార్యకర్త చెప్పగా, మా యువకులు కోతమిషను పిలిపించి వరి కోయించిరి. మబ్బు పట్టిన రాత్రి రాశిమీద పట్టాలు కప్పి అక్కడనే కాపున్నారు. బస్తాల లెక్క కాగితముమీద వ్రాసి, వారి గడపయెదుట రాయిక్రింద పెట్టితిమి.

పండ్రెండవ దినమున ఇంటామె బయటికి వచ్చినప్పుడు, ప్రక్కయింటామె ఉతికిన చీరను మడిచి చేతికిచ్చుచు, "వదినా, నీ గేదె ఇక నన్నే అడుగుతుందేమో!" అని నవ్వెను.