ముహూర్తానికి సరిపోయే కేలెండర్

అమ్మలూ,

మన ఫంక్షన్ హాలు వెబ్‌సైటులో ఏ కేలెండర్ పెట్టాలని అడిగావు. నెలనెలా డబ్బు కట్టే నాలుగింటి పేర్లు పంపావు. వాటిని పక్కనపెట్టి ముందు కౌంటర్ మీదున్న బుకింగ్ రిజిస్టర్ తిరగెయ్యి. మన హాలును పెళ్లివాళ్లు గదిలా రోజు లెక్కన తీసుకోరు.

రాత్రి 2.40కి ముహూర్తం అనుకో. శుభలేఖలో 'గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం' అని వేయిస్తారు. తారీఖు 21. మనం తాళాలిచ్చేది మాత్రం 20న పొద్దున్నే, ఎందుకంటే మధ్యాహ్నానికల్లా వంటవాళ్లు గాడిపొయ్యి వెలిగించాలి. అప్పగింతలు, భోజనాలు అయి హాలు ఖాళీ అయ్యేసరికి 21 మధ్యాహ్నం దాటుతుంది. రోజుకో గడి ఉండే కేలెండర్‌లో 21 ఒక్కటే ఎర్రబడిందా, 20న రిసెప్షన్‌కి ఇంకొకరు అడ్వాన్స్ కట్టేస్తారు. ఆ గొడవ తీర్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకని మొదలయ్యే గంట, ఖాళీ చేసే గంట మనమే పెట్టుకోగలిగేది, ఆ తర్వాత ఊడ్చి కడగడానికి కాస్త ఎడం దానంతటదే వదిలేది చూడు.

టైమ్ జోన్ కూడా ఇండియాకే బిగించి ఉండాలి. చూసేవాళ్ల ఊరి టైముకి మార్చి చూపించే రకమైతే, డాలస్‌లో ఉన్న పెళ్లికొడుకు అన్నయ్యకి అదే ముహూర్తం 20 సాయంత్రం 4.10 అని కనపడుతుంది.

నేను అన్నిటికన్నా పట్టుబట్టేది హోల్డ్ గురించి. హాలు చూసి, ఏసీలు వేయించి చూసి, "పంతులుగారిని అడిగి చెప్తామండీ" అని వెళ్లేవాళ్లే సగం మంది. వాళ్లని రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాస్తాం. ఖాళీ, బుక్డ్ అని రెండే రంగులున్నచోట వాళ్లనెక్కడ పెడతావు? మూడో రంగు కావాలి. రెండు రోజుల్లో అడ్వాన్స్ రాకపోతే అది తనంతట తానే చెరిగిపోవాలి. 2026లో ఇది మరీ అవసరం. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్లిళ్లుండవు. తర్వాత ఆషాఢం ఎలాగూ ఉంది. ఆగస్టు 13న శ్రావణం వచ్చేసరికి ఒకే ముహూర్తం మీద ముగ్గురు కూర్చుంటారు.

ఖర్చు వద్దనుకుంటే గూగుల్ కేలెండర్‌నే సైటులో అతికించవచ్చు. ఒక్క కేలెండర్‌తో మూడో రంగు దొరకదు గానీ గంటల లెక్క కుదురుతుంది. షేరింగ్‌లో 'ఖాళీ, బిజీ మాత్రమే' అన్నది ఎంచుకో. లేకపోతే ఎవరమ్మాయి పెళ్లో, ఎంత అడ్వాన్స్ ఇచ్చారో ఎదురు హాలువాళ్లు కాఫీ తాగుతూ చదువుకుంటారు.

పైనున్న విడిది గదుల్ని ఎయిర్‌బీఎన్‌బీ లాంటివాటిలో కూడా పెడతానన్నావు. ఐకాల్ లింకుతో కేలెండర్లు కలుస్తాయి గానీ, ఇక్కడి మార్పు అక్కడికి చేరడానికి గంటలు పట్టవచ్చు. పెళ్లి ఉన్న రోజుల్లో ఆ గదుల్ని అక్కడ ముందే మూసేయి.

ఒకటి నచ్చితే వెంటనే ఏడాదికి కట్టేయకు. దాన్ని రోజూ నింపేది నువ్వు కాదు, మన మేనేజర్‌గారు. వారం ట్రయల్ తీసుకుని ఆయన ఫోన్‌లో పెట్టు. మండపం దగ్గర నిలబడి, ఒక చేత్తో తాళాలగుత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆయన ఒక బుకింగ్ ఎక్కించగలిగితే కొను.

మీ పెదనాన్న