తలలోని గడ్డకు గీత గీసే కంప్యూటర్



పలాసలో జీడిపప్పు పొట్టు తీసే అమ్మలను మనమందరం చూశాం. పొట్టు పోవాలి, పప్పు విరగకూడదు. విరిగితే ధర పడిపోతుంది. తలలోని గడ్డకు రేడియేషన్ ఇచ్చే పనీ ఇలాంటిదే. గడ్డ చావాలి, పక్కనున్న మంచి భాగం చెడకూడదు. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ధర కాదు, మనిషి చూపు.

గీత ఎందుకు?

ముందుగా రోగి ముఖానికి సరిపోయే ప్లాస్టిక్ ముసుగు తయారుచేస్తారు. తల కదలకుండా ఆ ముసుగుతోనే సి.టి. స్కాన్ తీస్తారు. అందులో తల పలుచని పొరలుగా కనిపిస్తుంది. పొర మందం 2 మిల్లీమీటర్లు, తల ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకుంటే 100 పొరలు. గడ్డ, కళ్లు, కంటి నరాలు, మెదడు కాండం, లోపలి చెవి ఏ ఏ పొరలలో కనిపిస్తే ఆ పొరలన్నిటిలో వాటి చుట్టూ గీత గీయాలి. దీన్నే కాంటూరింగ్ అంటారు. చేత్తో గీస్తే గంటల పని.

రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. ఒక కిలో పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే 1 గ్రే. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కు సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున 30 సార్లు, మొత్తం 60 గ్రేలు ఇస్తారు. కంటి నరాలకు మాత్రం సుమారు 54-55 గ్రేలు దాటకుండా చూస్తారు. ప్లాన్ లెక్కించే కంప్యూటర్‌కు కన్ను తెలియదు, గీత మాత్రమే తెలుసు. గీత తప్పితే లెక్కంతా తప్పే.

కంప్యూటర్ ఎలా గీస్తుంది?

పాత పద్ధతిలో, ముందే గీతలు గీసి ఉంచిన ఒక నమూనా తలను కొత్త రోగి తలకు సరిపోయేలా సాగదీసేవారు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వారు యూ-నెట్ అనే పద్ధతిని ప్రకటించారు. డాక్టర్లు గీసిన ఎన్నో స్కాన్లను చూపిస్తే అది తానే నేర్చుకుంటుంది. 2016లో గూగుల్ డీప్‌మైండ్ సంస్థ లండన్‌లోని ఆసుపత్రులతో కలిసి తల, మెడ స్కాన్లపై ఇదే పని మొదలుపెట్టింది. ఇప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్ నిమిషాలలో గీసి పెడుతుంది.

మార్కులు వేద్దాం

డాక్టరు గీత లోపల 100 చుక్కలు, కంప్యూటర్ గీత లోపల 100 చుక్కలు, రెండింటికీ ఉమ్మడిగా 90 ఉన్నాయనుకోండి. ఉమ్మడి సంఖ్యను రెట్టింపు చేసి మొత్తంతో భాగించాలి: 180/200 = 0.9. దీని పేరు డైస్ స్కోరు. కంటి నరంలాంటి చిన్న అవయవంలో 20, 20 చుక్కలుండి, ఉమ్మడివి 12 అయితే 24/40 = 0.6 మాత్రమే. చిన్న అవయవంలో కొద్ది తేడాకే మార్కు పడిపోతుంది. పెద్ద అవయవానికి 0.9 వచ్చినా, తప్పిన ఆ కొద్ది భాగం గడ్డ పక్కనే ఉంటే ప్రమాదమే. అందుకే మార్కు చూసి నమ్మకూడదు, ప్రతి పొరనూ డాక్టరు చూసి దిద్దాలి. ఆపరేషన్ అయిన తల, గడ్డ వల్ల పక్కకు జరిగిన మెదడు, చిన్నపిల్లల తల కంప్యూటర్‌ను తికమక పెడతాయి.

ఉద్దానం వారికి ఒక మాట

గడ్డ అంచు స్పష్టంగా కనిపించడానికి స్కాన్‌కు ముందు నరం ద్వారా కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు తెలుసు. కాబట్టి మన ఊరివారు స్కాన్‌కు వెళ్లినప్పుడు కిడ్నీ జబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. క్రియాటినిన్ పరీక్ష కాగితం వెంట ఉంచుకోవాలి. ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ అడగదు, మనమే చెప్పాలి.

30 సార్లంటే వారానికి 5 రోజుల చొప్పున ఆరు వారాలు. విశాఖలో గది అద్దెకు తీసుకుని, కూలి పోగొట్టుకుని ఉండే కుటుంబానికి ప్లాన్ రెండు రోజులు ముందుగా తయారైనా అది పెద్ద మేలే.

తమ్ముళ్లారా! ఇది డాక్టర్ల పని మాత్రమే కాదు. ఈ లెక్కలు చూసేవారిని మెడికల్ ఫిజిసిస్టులంటారు. ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేసినవారికి ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఉంది. మన హాస్టల్ నుంచి ఒక్కరైనా ఆ దారిలో వెళ్లాలని నా కోరిక.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)