కొత్త ధాన్యము, కాలువ చివరి పొలము

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 26:1-15, లూకా 18:9-14



ఈసారి పాఠమునకు కృతజ్ఞత అనే అంశము తీసుకొనమన్నప్పుడు ఇది సులువైన పనే అనుకున్నాను. కోత పండుగనాడు ప్రతి పాస్టరూ దాని మీదే ప్రసంగము చేస్తాడు గదా! పాత నోట్సు తీసి దుమ్ము దులిపితే సరిపోతుందనుకున్నాను. అయితే ఆ నోట్సు ముందు పెట్టుకొని కూర్చుంటే రెండు సంవత్సరములు నన్ను నిలువనీయని ఒక సంగతి జ్ఞాపకము వచ్చింది. అది చెప్పకుండా ఈ పాఠము వ్రాయలేను. ముందు వాక్యములోనికి వెళ్దాము.

మోషే ఇశ్రాయేలీయులకు ప్రథమ ఫలముల ఆచారము నేర్పుతున్నాడు. కొత్త పంటలో మొదటిది గంపలో పెట్టుకొని యాజకుని యొద్దకు వెళ్ళాలి. గంప దించిన తరువాత రైతు నోరు విప్పి చెప్పవలసిన మాటలున్నాయి. ఆ మాటలు పంటతో మొదలుకావు. ఎన్ని బస్తాలు పండిందో, ధర ఎంత పలికిందో అందులో లేదు. తన పితరుడు దిక్కులేక తిరిగిన అరామీయుడని, కొద్దిమందితో ఐగుప్తుకు పోయి పరవాసిగా ఉన్నాడని, అక్కడ వెట్టిచాకిరి చేశారని, మొరపెడితే దేవుడు విన్నాడని చెప్పాలి. ఆ తరువాతే గంపలోని పండు సంగతి. అంటే సొంత పొలములో నిలబడిన మనిషి ముందుగా తాను పొలము లేనివాని బిడ్డనని ఒప్పుకోవాలి.

ఈ మాటలు మనకు ఎంత దగ్గరివో చూడండి. రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రములో కలిసింది. గద్వాల, ఆలంపూరు తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్ళాయి. అప్పటికే, 1945లో పునాది వేసిన తుంగభద్ర డ్యాము నుండి 1953లో నీరు వదిలారు. ఎడమ కాలువ వెంట నీరు పారుతుందని తెలిసి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి మనవాళ్ళు ఉన్న కొద్ది పొలము అమ్ముకొని ఇక్కడ నల్లరేగడి కొన్నారు. ముళ్ళకంప కొట్టి, మడులు కట్టి, రేకుల పాకలలో కాపురము పెట్టారు. వారితో కూలికి వచ్చినవారు, అప్పుల బాధకు వచ్చినవారు కూడా ఉన్నారు. మన సంఘములలో పెద్దవారు చాలామంది ఆ కూలి కుటుంబములలోనివారే. పేరుకే క్యాంపులు గాని, మూడు తరములైనా మనము విప్పని గుడారములివి. అదే సింధనూరు తాలూకాలో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన బెంగాలీ కుటుంబములకు ప్రభుత్వము వేరే క్యాంపులు ఏర్పాటు చేసింది. మన పొరుగున ఉన్నవారు కూడా పరవాసులే.

తెలుగు బాప్టిస్టులకు వలస కొత్త కాదు. 1903లో నెల్లూరు ప్రాంతము నుండి జాన్ రంగయ్యగారు ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. అక్కడి తోటలలో ఒప్పందపు కూలీలుగా ఉన్న మన తెలుగు విశ్వాసులకు కాపరి కావాలని ఆయనను పంపినది తెలుగు సంఘములే. మనవాళ్ళు ఎక్కడికి పోయినా వెనుకనే ప్రార్థన కూడిక కూడా పోతుంది. కాబట్టి ద్వితీయోపదేశకాండములోని ఆ ఒప్పుకోలు మనము అరువు తెచ్చుకున్న మాట కాదు. మన ఇంటి మాటే.

ఇప్పుడు నీటి సంగతి. మన జిల్లాలో పడే వాన తక్కువ. మన మడులలో నిలిచే నీరు మన మీద కురిసినది కాదు. దూరాన మలెనాడులో, పడమటి కనుమలలో కురిసిన వాన తుంగలోను భద్రలోను పారి, కూడ్లి దగ్గర ఒకటై, డ్యాములో నిలిచి, రెండువందల కిలోమీటర్లకు పైగా ఉన్న కాలువ వెంట మన తూము దాకా వస్తుంది. మనము చూడని మబ్బు, మనమెరుగని కొండ! అందుకే కాలువ కింది రైతు వానను మరచిపోవడము తేలిక. నీరు ఇంజనీరు ఇచ్చినట్టు, లస్కరు వదిలినట్టు కనిపిస్తుంది. అది ఎంత సన్నని దారము మీద వేలాడుతున్నదో 2024 ఆగస్టు 10 రాత్రి తెలిసింది. ముప్పైమూడు గేట్లలో పందొమ్మిదవ దాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయింది. నిండుకుండలాంటి డ్యాములోని నీరు నదిలో పోతుంటే క్యాంపులలో ఎవరికీ నిద్ర లేదు. కన్నయ్య నాయుడుగారి వంటి అనుభవజ్ఞులు ముందుండగా, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి వారములోపే ఆపగలిగారు. తరువాత కురిసిన వానలకు డ్యాము మరల నిండింది. ఆ ఆదివారము మన ఆరాధనలో పాడినంత గట్టిగా మనవాళ్ళు ఎన్నడూ పాడలేదు.

అయితే దేవుని వాక్యము మనలను అక్కడ ఆగనివ్వదు. లూకా 18వ అధ్యాయము చూడండి. దేవాలయములో నిలబడిన పరిసయ్యుని ప్రార్థన దేనితో మొదలవుతుంది? కృతజ్ఞతాస్తుతితోనే! చిత్రమేమిటంటే ఆ ఉపమానములో దేవునికి వందనములు చెప్పినవాడు అతడొక్కడే. సుంకరి వందనము చెప్పలేదు, కనికరించమని అడిగాడు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళింది మాత్రము సుంకరే. నేను ఎన్నో ఏండ్లు ఈ వాక్యము గర్వము గురించే బోధించాను. కృతజ్ఞత కూడా చెడిపోగలదని ఇందులో ఉన్నట్టు నాకు తట్టలేదు. ఇతరులకు లేనిది నాకున్నందుకు స్తోత్రము అనే ప్రార్థన మన నోట ఎన్నిసార్లు రాలేదు!

నన్ను నిలువనీయని సంగతి అన్నాను గదా. 2023లో వానలు మొహం చాటేశాయి. కాలువకు నీరు ముందుగానే కట్టేశారు. కాలువ మొదటనున్న పొలములు ఎలాగో గట్టెక్కాయి, చివరి పొలములలో వరి పాలు పట్టే వేళకు ఎండిపోయింది. మీలో కాలువ వ్యవసాయము ఎరిగినవారికి తెలుసు. ఈ కాలువను ఎక్కువ ఎకరములకు కొంచెము కొంచెము నీరివ్వాలని, ఎక్కువ భాగము జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకని రూపించారు. ఎగువన మనమందరము వరి వేశాము. వరి నీరు తాగుతుంది, దిగువకు కాలువలో బురద మిగులుతుంది. చాలనట్టు రాత్రిపూట గట్టు మీద ఇంజన్లు పెట్టి పైపులతో తోడుతారు.

ఆ సంవత్సరము కోత పండుగకు మా సంఘములో ఒక పెద్దాయన పది బస్తాల సోనా మసూరి తెచ్చి బలిపీఠము ముందు వేయించారు. ప్రతి సంవత్సరము ఇచ్చే కుటుంబమే. సంఘమునకు, నిజము చెప్పాలంటే నా జీతమునకు, ఆధారమైన కుటుంబము. కరువులో కూడా దేవుడు తన పొలమును జ్ఞాపకము చేసుకున్నాడని సాక్ష్యమిచ్చారు. నేను చేతులెత్తి ప్రార్థన చేశాను. రాత్రి కూడికలు ముగించుకొని సైకిలు మోటారు మీద వచ్చేటప్పుడు వారి ఇంజను చప్పుడు ఎన్నిసార్లు విన్నానో నాకు తెలుసు. అయినా ప్రార్థన చేశాను.

ఆరాధన అయిన తరువాత అదే పంపిణీ కాలువ చివర మూడెకరములు కౌలుకు చేసే ఒక సహోదరి, భర్తలేని మనిషి, చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడిగింది. "అయ్యగారూ, ఆ బస్తాల్లో నా పొలం నీళ్ళు కూడా ఉన్నాయి. నా తరఫున కూడా స్తోత్రం చెప్పారా?" ఎగతాళి కాదు, కోపము కాదు. నేను ఏమీ అనలేకపోయాను. ఆమె ఆ రోజు కానుక పళ్ళెములో పది రూపాయలు వేసి వెళ్ళింది.

ఇంటికి పోయి అదే 26వ అధ్యాయము తిరిగి చదివాను. పదకొండవ వచనములో లేవీయుడు, మధ్యనున్న పరదేశి కూడా ఆ సంతోషములో కూర్చోవాలని ఉంది. పన్నెండు నుండి ఇంకా గట్టిగా ఉంది. దశమభాగము పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చేరిన తరువాతే రైతు దేవుని ఎదుట నిలబడి ఆజ్ఞ మీరలేదని చెప్పగలడు. ఏడాది ఏడాదికి గంప దించే ఆ అధ్యాయములోనే లెక్క చెప్పే వచనము కూడా ఉంది. నేను మొదటి సగము చదివి పుస్తకము మూసే అలవాటు చేసుకున్నాను.

ఒంగోలు క్లౌ దొరగారి సంగతి మన తెలుగు బాప్టిస్టులలో తెలియని ఇల్లు ఉండదు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకొని బీదలకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మములు జరిగాయని పిల్లలు కూడా చెబుతారు. దానికి ముందున్న సంగతి మనము తక్కువగా చెబుతాము. కరువు పని జరుగుచున్నంత కాలము, నెలల తరబడి, ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. తిండి పెట్టిన చేతి మీది కృతజ్ఞతను దేవుని మీది విశ్వాసముగా లెక్క వేయడము ఆయనకు ఇష్టము లేకపోయింది. సంఖ్యల కోసము మనము తహతహలాడే ఈ రోజులలో ఆ ఆగడమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. కానుక ఎంత పెద్దదైనా అది ఎక్కడనుండి వచ్చిందని అడిగే ధైర్యము కాపరికి ఉండాలి. నాకు లేకపోయింది.

వారము తరువాత పెద్దాయన ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. మత్తయి 5:23-24 చదివాను. సహోదరునికి నీ మీద విరోధముంటే కానుకను అక్కడే విడిచి ముందు సమాధానపడమనే భాగము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, నేనొక్కడిని ఇంజను ఆపితే ఆ నీరు కిందికి పోదు. పక్కవాడు తోడుకుంటాడు. నేను చెడిపోతాను, ఆమె బాగుపడదు" అన్నారు. అందులో నిజము లేకపోలేదు. నా దగ్గర జవాబు లేదు. నాలుగు బస్తాలు ఆమెకు పంపుతానన్నారు. నేను సంతోషముగా వెళ్ళి చెబితే ఆమె, "బస్తాలు వద్దయ్యగారూ, వంతు కావాలి" అన్నది.

ఆ ఒక్క మాటకు ఒక సంవత్సరము పట్టింది. గేటు కొట్టుకొనిపోయిన ఆ వారములో, ఎవరి పొలమూ ఎవరికీ దక్కదనిపించిన రోజులలో, గట్టు మీద ప్రార్థనకు పోగైనవారితో పెద్దాయనే మొదట మాట్లాడారు. అదే పంపిణీ కాలువ మీద ఇంజన్లున్న ఆరుగురిలో నలుగురు వారానికి రెండు రాత్రులు ఆపడానికి ఒప్పుకున్నారు. వారిలో ఇద్దరు మన సంఘస్థులు కారు, ఒకరు కన్నడ లింగాయతు రైతు. మిగిలిన ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. అందులో ఒకరు మన డీకనే, ఆయన కొరకు ప్రార్థించండి.

2024 కోత పండుగకు పెద్దాయన ఏడు బస్తాలు తెచ్చారు. ఆ సహోదరి ఒక చేటలో ధాన్యము తెచ్చింది. చివరి ఎకరము ఆ ఏడు కూడా సరిగా తడవలేదు, మిగిలిన రెండు పండాయి. ఈసారి ప్రార్థనకు ముందు నేను ఇద్దరినీ ముందుకు పిలిచి, 26వ అధ్యాయము పదిహేనవ వచనము దాకా చదవమన్నాను. పెద్దాయన పన్నెండవ వచనము దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే, మిగిలినది ఆమె చదివింది.